సహాధ్యాయులు

ఉదయం ఏడు గంటలకే దిల్‌సుఖ్‌నగర్ కూడలి విద్యార్థులతో నిండిపోతుంది. ఇబ్రహీంపట్నం, హయత్‌నగర్, వనస్థలిపురం వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి, కొత్తపేట, చైతన్యపురి మీదుగా వచ్చి వారిని అక్కడ దింపుతాయి. దూర జిల్లాల నుంచి వచ్చి ఈ పరిసరాలలోని వసతి గృహాలలో ఉంటున్నవారు పుస్తకాల సంచులు భుజాన వేసుకొని నడిచి వస్తారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్, అమీర్‌పేటల మధ్య మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత ఈ రద్దీ మరింత పెరిగింది. బాలురు, బాలికలు ఒకే బస్సులో వస్తారు. ఒకే రైలు దిగుతారు. ఒకే బండి దగ్గర ఇడ్లీలు తింటారు. తీరా కళాశాల సమీపించగానే వారి దారులు చీలిపోతాయి. బాలికల ప్రాంగణం ఒక వీధిలో ఉంటే బాలుర ప్రాంగణం మరొక వీధిలో ఉంటుంది. ఉభయులకూ ఒకే భవనం ఉన్న కొన్ని చోట్ల మెట్లదారులు వేరు, విరామ సమయాలు వేరు. వీధి కలిపినవారిని విద్యాలయం విడదీస్తున్నది.

ఈ ఏర్పాటు మంచిదా, చెడ్డదా అన్న వాదం కొత్తది కాదు. సహవిద్య వల్ల క్రమశిక్షణ సడలుతుందని, చదువు మీద ధ్యాస తగ్గుతుందని కొందరంటారు. వేరు చేసి చదివిస్తే లోకజ్ఞానం లోపిస్తుందని మరికొందరంటారు. ఏటా వక్తృత్వ పోటీలలో ఈ రెండు పక్షాల వాదనలూ వినిపిస్తూనే ఉంటాయి. అయితే ఉభయ పక్షాలూ సాధారణంగా విస్మరించే విషయం ఒకటున్నది. స్త్రీలకు ప్రత్యేకంగా ఒక విద్యాలయాన్ని నెలకొల్పడం వేరు. కలిసి చదువుతున్నవారి మధ్య అనుమానంతో అడ్డుగోడ కట్టడం వేరు. మొదటిది అవకాశం కల్పిస్తుంది. రెండవది అవిశ్వాసాన్ని బోధిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే సమస్య స్వరూపం స్పష్టమవుతుంది.

మన ప్రాచీన సాహిత్యం ఈ విషయంలో ఆసక్తికరమైన సాక్ష్యం ఇస్తున్నది. క్రీస్తుశకం ఎనిమిదవ శతాబ్దికి చెందిన సంస్కృత నాటకకర్త భవభూతి రచించిన ఉత్తరరామచరితంలో ఆత్రేయి అనే తాపసి కనిపిస్తుంది. ఆమె వాల్మీకి ఆశ్రమంలో చదువుకుంటున్న స్త్రీ. లవకుశులు అక్కడ ఆమె తోటి విద్యార్థులు. ఆ బాలుర మేధాశక్తి ముందు తాను నిలువలేకపోతున్నానని, పైగా గురువు రామాయణ రచనలో మునిగి ఉన్నాడని భావించి, ఆమె వేదాంత విద్యకోసం దండకారణ్యంలోని అగస్త్యాది మునుల ఆశ్రమాలను వెదుక్కుంటూ బయలుదేరుతుంది. ఆత్రేయి వాల్మీకి ఆశ్రమాన్ని వీడడానికి కారణం ఆమె స్త్రీ కావడం కాదు. బోధన తన శక్తికి, అవసరానికి అనుగుణంగా లేకపోవడం. అక్కడ తనకు చదువు సాగకపోతే మరొక చోటికి వెళ్ళే స్వేచ్ఛ ఆమెకు ఉన్నది. ఆమె ఒంటరిగా అడవి దాటి వెళ్ళడాన్ని ఆ నాటకంలో ఎవరూ తప్పు పట్టలేదు.

అదే కవి రచించిన మాలతీమాధవంలో కామందకి అనే బౌద్ధ భిక్షుకి ఉన్నది. భూరివసువు, దేవరాతుడు అనే ఇద్దరు ఆమెకు సహాధ్యాయులు. చదువు ముగిసిన తరువాత వారిద్దరూ వేర్వేరు రాజ్యాలలో మంత్రులవుతారు. ఆమె సన్యాసాశ్రమం స్వీకరిస్తుంది. అయినా విద్యార్థి దశలో ఏర్పడిన స్నేహగౌరవాలు చెక్కుచెదరవు. వారి సంతానం పెళ్ళి విషయంలో చిక్కు వచ్చినప్పుడు దానిని తన బుద్ధిబలంతో విప్పేది ఆమెయే. ఇవి నాటకంలోని పాత్రలే కావచ్చు. వీటిని బట్టి ఆ కాలంలో స్త్రీలందరూ చదువుకున్నారని చెప్పడం సాహసమవుతుంది. కాని ఒక స్త్రీ, ఇద్దరు పురుషులు ఒకే గురువు దగ్గర చదువుకొని జీవితాంతం ఒకరినొకరు గౌరవించుకోవడాన్ని ఊహించడానికి పన్నెండు వందల ఏళ్ళ నాటి కవికి సంకోచం కలగలేదు. సహాధ్యాయి అన్న మాటకు ఆయన ఇచ్చిన నిండుదనం అది.

ఆధునిక కాలానికి వస్తే పరిస్థితి వేరు. బాలికలకు చదువే నిషిద్ధమన్న భావం బలంగా ఉన్న రోజులలో కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల ప్రారంభించాడు. హైదరాబాదు సంస్థానంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడగా, 1924లో మహిళలకు ప్రత్యేక కళాశాల వెలసింది. ఆ కళాశాల 1949లో కోఠిలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి మారింది. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఆ భవనాన్ని కట్టించిన కర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం అదే ఆవరణలో ఒక అంతఃపురాన్ని కూడా నిర్మించాడు. స్త్రీని లోకం కంటపడకుండా దాచడానికి గోడలు లేచిన ఆవరణలోనే స్త్రీలు లోకాన్ని చదవడం నేర్చుకున్నారు. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ మహిళలకోసం ఆశ్రమ డిగ్రీ కళాశాలలు తెరిచింది. ఈ సంస్థలన్నింటిలో చదివినవారిలో ఎందరో తమ కుటుంబంలో కళాశాల గడప తొక్కిన తొలి మహిళలు. మహిళా కళాశాల లేకపోయి ఉంటే వారికి సహవిద్య లభించి ఉండేది కాదు. అసలు విద్యే లభించి ఉండేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మహిళా కళాశాల ఎందరికో ఆ ఇల్లు అయినది.

నేటికీ ఆ అవసరం పూర్తిగా తీరలేదు. ఒక మారుమూల పల్లెలో పదవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైన బాలికను ఊహించుకుందాం. దగ్గరలో జూనియర్ కళాశాల లేదు. పట్నం పంపించడానికి తండ్రి జంకుతున్నాడు. తల్లి పట్టుబట్టి, బాలికల కళాశాల, బాలికల వసతి గృహం అయితే సరేనని ఒప్పిస్తుంది. ఆ ఒప్పందం మీదనే ఆమె దిల్‌సుఖ్‌నగర్ చేరుతుంది. ఆ తల్లిదండ్రుల భయం వట్టి మూఢత్వమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. వీధిలో వెకిలి మాటలు, వెంటపడి వేధించడం కల్పితాలు కావు. 2014 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు షీ టీములను ఏర్పాటు చేయవలసి వచ్చిందంటేనే ఆ బెడద ఎంతటిదో తెలుస్తున్నది. భయానికి కారణం ఉన్నంత కాలం బాలికకు ప్రత్యేక విద్యాలయాన్ని ఎంచుకొనే వీలుండాలి. అది ఆమె హక్కు.

మరి చదువు సంగతి ఏమిటి? వేరు చేసి చదివిస్తే ర్యాంకులు వస్తాయన్నది విద్యాసంస్థల ప్రధాన వాదన. దీనిని పరిశోధకులు శ్రద్ధగా పరిశీలించారు. దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో విద్యార్థులను ఉన్నత పాఠశాలలకు లాటరీ పద్ధతిలో కేటాయించే విధానం ఉండేది. ఎవరికి వారు ఎంచుకొన్నవి కావు కనుక ఆ పాఠశాలలను పోల్చి చూడడం సులభమైంది. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో బాలురకు, బాలికలకు విడివిడిగా ఉన్న పాఠశాలల్లోని విద్యార్థులు కొంత మెరుగైన ఫలితాలు సాధించినట్లు తేలింది. అయితే మరుసటి సంవత్సరమే 21 దేశాలకు చెందిన 184 అధ్యయనాలను, 16 లక్షల మంది విద్యార్థుల వివరాలను గుదిగుచ్చి చేసిన పరిశీలన వెలువడింది. కుటుంబ నేపథ్యం, పూర్వపు ప్రతిభ వంటి భేదాలను లెక్కలోకి తీసుకొని చూస్తే రెండు పద్ధతుల ఫలితాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదని అది తేల్చింది. బాలబాలికలను విడదీయడమే ర్యాంకులకు కారణమనడానికి గట్టి ఆధారం లేదన్నమాట. మంచి అధ్యాపకులు, తగిన పుస్తకాలు, చాలినంత నిద్ర, ఇంటి ప్రోత్సాహం ఉన్న చోట ఫలితాలు వస్తాయి. ఆ ఘనతను గోడకు కట్టబెట్టడం తగదు.

చదువులో తేడా లేకపోతే, గోడ వల్ల వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం మార్కుల పట్టికలో కనిపించదు, మనస్తత్వంలో కనిపిస్తుంది. పేరుకు సహవిద్య ఉన్న కొన్ని కళాశాలల్లో ఒక బాలుడు పక్క వరుసలోని బాలికను లెక్క గురించి అడిగితే అది నేరమవుతుంది. ఇద్దరి తల్లిదండ్రులకూ కబురు వెళ్తుంది. సంజాయిషీ రాయించుకుంటారు. ఆ లెక్క సంగతి మరుగున పడుతుంది, నింద మిగులుతుంది. దానితో వారు నేర్చుకున్న పాఠమేమిటి? ఎదుటివారితో మాట్లాడడమే తప్పని, మాట్లాడితే చాటుగా మాట్లాడాలని. వెలుగులో జరగవలసిన సంభాషణను చీకటిలోకి తరిమిన తరువాత, చీకటిలో జరిగేదానికి యౌవనాన్ని నిందించడం సబబు కాదు. చాటుమాటు పరిచయాలు, అరచేతిలోని ఫోనులో అపరిచితులు రాసే తీపిమాటలు, వాటిని నమ్మి మోసపోవడం, తిరస్కారాన్ని సహించలేక పగబట్టడం, ఇవన్నీ నిర్మలమైన పరిచయానికి అవకాశం లేని చోట మరింత సులభంగా పెరుగుతాయి.

1948లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం ఈ విషయాన్ని ముందుగానే గ్రహించింది. ఆయన అంతకు పూర్వం ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసిన అనుభవశాలి. పురుషుల కోసం కట్టిన కళాశాలల్లో స్త్రీలను చేర్చుకొని, వారికి కావలసిన కనీస వసతులు కల్పించకపోవడాన్ని ఆ సంఘం గుర్తించింది. ఉభయులకోసం కొత్తగా కళాశాలలు స్థాపిస్తే అవి నిజమైన సహవిద్యాలయాలుగా ఉండాలని, పురుషుల అవసరాలతో సమానంగా స్త్రీల అవసరాలను కూడా ఆలోచించి నిర్మించాలని సూచించింది. ఇద్దరినీ ఒక కప్పు కింద కూర్చోబెట్టినంత మాత్రాన సహవిద్య కాదన్నది దీని సారాంశం. బాలికలకు శుభ్రమైన మరుగుదొడ్డి, విశ్రాంతి గది, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక నమ్మకమైన అధ్యాపకురాలు లేని కళాశాల తన పేరు పక్కన సహవిద్య అని రాసుకున్నా, అది పురుషుల కళాశాలే అవుతుంది.

ఈ చర్చలో సాధారణంగా బాలికల క్షేమం గురించే మాట్లాడతారు. బాలుర గురించి ఆలోచించేవారు తక్కువ. ఇటీవలి సంవత్సరాల ఇంటర్మీడియట్ ఫలితాలలో బాలికల ఉత్తీర్ణత బాలుర కంటే స్పష్టంగా ఎక్కువగా ఉంటున్నది. చదువులో తనకంటె మిన్నగా ఉన్న సహాధ్యాయినిని రోజూ చూసే బాలుడు, స్త్రీ తెలివితేటల గురించి వినవచ్చే చులకన మాటలను నమ్మడు. ఆమెను చూడనే చూడని బాలుడికి స్త్రీ గురించి తెలిసేదంతా సినిమాల నుంచి, స్నేహితుల కబుర్ల నుంచి వచ్చినదే. రెండేళ్ళు అలా గడిపిన యువకుడు ఇంజనీరింగు కళాశాలలో అడుగుపెట్టిన మొదటి రోజునే అరవై మంది ఉన్న తరగతిలో ముప్పయి మంది యువతుల పక్కన కూర్చుంటాడు. మరి నాలుగేళ్ళకు ఒక యువతి అతని పై అధికారి కావచ్చు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పి, ఒక్కసారిగా నడి ఏటిలో దింపినట్లున్నది ఈ పద్ధతి. బాలురను వేరుగా ఉంచడం వల్ల బాలికలకు రక్షణ కలుగుతున్నదని అనుకుంటున్నాము. నిజానికి రేపు వీధిలో, కార్యాలయంలో, ఇంటిలో స్త్రీకి కలిగే రక్షణ నేడు ఈ బాలుడు అలవరచుకొనే సంస్కారం మీదనే ఆధారపడి ఉన్నది.

కంటికి కనిపించే గోడలకంటె గడియారంలోని గోడ మరింత ఎత్తైనది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి పరిసరాలలో స్టడీ హాళ్ళు అని పిలిచే పఠన మందిరాలు చాలా ఉన్నాయి. వసతి గృహంలోని ఇరుకు గదులలో చదువు సాగని విద్యార్థులు నెలకు కొంత రుసుము చెల్లించి అక్కడ కూర్చొని రాత్రి పొద్దుపోయేవరకు చదువుకుంటారు. కాని అనేక బాలికల వసతి గృహాల తలుపులు చీకటి పడగానే మూతపడతాయి. బాలుర వసతి గృహాలలో అంతటి కట్టడి ఉండదు. ఒకే పరీక్షకు సిద్ధమవుతున్న అన్నాచెల్లెళ్ళలో అన్నకు రాత్రి పదింటి వరకు పఠన మందిరం అందుబాటులో ఉంటే, చెల్లెలు ఏడింటికే పుస్తకం మూసి పరుగెత్తవలసి వస్తున్నది. రోజుకు మూడు గంటలు; నెలకు తొంభై గంటలు. వేధించేవాడు వీధిలో తిరుగుతూనే ఉంటాడు. వేధింపుకు గురయ్యే అవకాశం ఉన్నవారిని గదిలో ఉంచి తాళం వేస్తున్నాము. రక్షణ పేరుతో జరుగుతున్న ఈ నష్టాన్ని ఎవరూ లెక్కగట్టడం లేదు. వీధి దీపాలు, రాత్రి బస్సులు, వసతి గృహం లోపలనే మంచి పఠన మందిరం ఏర్పరచడం ఇంతకంటె మేలైన రక్షణ.

అయితే చేయవలసినదేమిటి? కళాశాలలన్నింటినీ ఒక్క దెబ్బతో సహవిద్యాలయాలుగా మార్చాలనడం ఆచరణలో బాలికలకే నష్టం కలిగించవచ్చు. మహిళా కళాశాలలు ఉండాలి. బలంగా ఉండాలి. కాని అక్కడి విద్యార్థినులకు కూడా ఇతర కళాశాలల విద్యార్థులతో కలిసి వక్తృత్వ పోటీలు, విజ్ఞాన ప్రదర్శనలు, జాతీయ సేవా పథకం శిబిరాలలో పాల్గొనే అవకాశం కల్పించాలి. బాలుర కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. సహవిద్య ఉన్న చోట అది నిజమైన సహవిద్యగా ఉండాలి. ప్రయోగశాలలో కలిసి పని చేయాలి. తరగతికి ఇద్దరు ప్రతినిధులుంటే ఒకరు బాలిక, ఒకరు బాలుడు కావాలి. నాయకత్వం బాలురకు, పుష్పగుచ్ఛాలు అందించే పని బాలికలకు అన్న విభజన పోవాలి. నియమాలు కఠినంగా ఉన్నా, అవి ఇద్దరికీ సమానంగా ఉండాలి.

అన్నింటికంటె ముఖ్యమైనది మాట్లాడుకోవడం. హర్యానాలోని 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకొని, వాటిలో కొన్నింటిలో స్త్రీపురుష సమానత్వం గురించి రెండున్నర సంవత్సరాలపాటు తరగతి గదిలో చర్చలు జరిపించారు. చర్చలు జరిగిన పాఠశాలల విద్యార్థుల అభిప్రాయాలలో సమానత్వ భావన పెరిగిందని, ఇంటి పనులలో బాలుర భాగస్వామ్యం కూడా పెరిగిందని 2022లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆ మార్పు చర్చలు ముగిసిన రెండేళ్ళ తరువాత కూడా నిలిచి ఉన్నది. పిల్లల ఆలోచనలను మార్చడానికి కొత్త భవనాలు అవసరం లేదు; వారానికి ఒక గంట, ఓపికగల అధ్యాపకుడు ఉంటే చాలునని దీనివల్ల తెలుస్తున్నది. ఉదయం ఏడు నుంచి సాయంత్రం దాకా పరీక్షల కోసమే గంటలు కొట్టే కళాశాలలు ఆ ఒక్క గంటను వెచ్చించడానికి వెనుకాడకూడదు.

ఎల్.బి.నగర్‌లో బయలుదేరే మెట్రో రైలులో మొదటి పెట్టెలో కొంత భాగం స్త్రీలకు ప్రత్యేకించారు. అక్కడ స్థిమితంగా ఉంటుందనుకొన్న యువతి అక్కడ కూర్చుంటుంది. స్నేహితులతో కలిసి వెళ్ళదలచినది తక్కిన పెట్టెలలో ఎక్కడైనా కూర్చుంటుంది. ఎక్కడ కూర్చోవాలన్నది ఆమె నిర్ణయం. ఆ భాగం ఆమెకు కల్పించిన సదుపాయమే గాని, ఆమెను బంధించిన గది కాదు. రైలు మాత్రం ఒక్కటే. అందరినీ ఒకే వేగంతో ఒకే గమ్యానికి చేరుస్తుంది. విద్యాలయాల విషయంలోనూ ఇదే న్యాయం పాటించాలి. ప్రత్యేక విద్య కోరినవారికి అది లభించాలి. కలిసి చదవగోరినవారికి గౌరవంతో కలిసి చదివే వాతావరణం ఉండాలి. ఏ కళాశాల నుంచి వచ్చినా, పద్దెనిమిదేళ్ళ వయసులో బయటికి అడుగుపెట్టే యువతీయువకులు ఒకరినొకరు చూసి బెదరకుండా, ఒకరినొకరు బెదిరించకుండా, సాటి మనుషులుగా మాట్లాడుకోగలిగితే ఆ చదువు సార్థకమైనట్లే. భవభూతి కామందకికి ఇచ్చిన సహాధ్యాయులు కేవలం ఆమెతో కలిసి కూర్చున్నవారు కారు. ఆమె మాటను గౌరవించినవారు. అటువంటి సహాధ్యాయులను తయారు చేయడమే కళాశాల బాధ్యత.